ప్లాటినం 111 తలంపై ఆక్సిజన్ అధిశోషణ శక్తి అర ఎలక్ట్రాన్ వోల్ట్ ఎక్కువగా వస్తోంది

ప్రశ్న:
నమస్కారం. డిఎఫ్‌టి (ఎలక్ట్రాన్ సాంద్రత నుంచి శక్తిని లెక్కించే క్వాంటం పద్ధతి) పద్ధతిలో, పిబిఇ ఫంక్షనల్‌తో (అందులో వాడే ఒక ఉజ్జాయింపు సూత్రం), ప్లాటినం స్ఫటికపు 111 అనే తలంపై ఒక ఆక్సిజన్ పరమాణువు ఎంత గట్టిగా అంటుకుంటుందో లెక్కిస్తున్నాను. నాలుగు పరమాణు పొరల ప్లాటినం పలక (స్లాబ్)లో అడుగు రెండు పొరలను కదలకుండా బిగించి, పైన 15 ఆంగ్‌స్ట్రామ్‌ల శూన్యం వదిలి, 2×2 సెల్‌లో (మళ్లీ మళ్లీ వచ్చే ఉపరితల ముక్క) పరమాణువును ఎఫ్‌సిసి గుంటలో (మూడు ప్లాటినం పరమాణువుల మధ్య చోటు) ఉంచాను. అధిశోషణ శక్తిని (తలానికి అంటుకునే బలాన్ని) సగం ఆక్సిజన్ అణువు శక్తితో పోల్చి తీస్తున్నాను. ఇదే ఫంక్షనల్‌తో ప్రచురితమైన విలువలకంటే నా బంధం దాదాపు 0.5 ఎలక్ట్రాన్ వోల్ట్ గట్టిగా వస్తోంది. లెక్క సూక్ష్మతను నిర్ణయించే కటాఫ్ పెంచినా, కె-బిందువులు పెంచినా తేడా 0.02 దాటడం లేదు. పొరపాటు ఎక్కడ ఉండవచ్చు?

మొదటి జవాబు:
స్లాబ్ జోలికి వెళ్లకముందు విడి అణువు లెక్కను తెరిచి, స్పిన్ (ఎలక్ట్రాన్ల అయస్కాంత దిశ) చేర్చారో లేదో చూడండి. ఆక్సిజన్ అణువు సహజ స్థితిలో రెండు జతకాని ఎలక్ట్రాన్లతో ట్రిప్లెట్‌గా ఉంటుంది. స్పిన్ లేకుండా లెక్కిస్తే దాని శక్తి దాదాపు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ పైకి పోతుంది. అందులో సగం ప్రతి పరమాణువు ఖాతాలో పడి, బంధం ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తుంది. మీరు చెప్పిన తేడా సరిగ్గా అంతే. ప్లాటినానికి అయస్కాంతత్వం లేదని స్లాబ్‌కు స్పిన్ తీసేసి, అదే ఇన్‌పుట్ ఫైలును అణువుకూ వాడేయడం చాలామందికి జరిగేదే.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తున్నాను. పిబిఇ ఆక్సిజన్ అణువును అతిగా బంధిస్తుందన్నది నిజమే (ప్రయోగంలో దాదాపు 5.2 ఎలక్ట్రాన్ వోల్ట్లు, పిబిఇతో 6.2). కానీ ఆ దోషం అధిశోషణాన్ని బలహీనంగా చూపిస్తుంది, పైగా అదే ఫంక్షనల్ వాడిన వారందరి విలువల్లోనూ ఉంటుంది. కాబట్టి మీ తేడాకు అది కారణం కాదు. ప్రయోగ ఫలితాలతో పోల్చే రోజు వచ్చినప్పుడు మాత్రం అణువును నేరుగా లెక్కించకుండా, రెండు నీటి అణువుల స్వేచ్ఛా శక్తి నుంచి రెండు హైడ్రోజన్ అణువులది తీసివేసి, రెండు నీటి అణువులను విడగొట్టడానికి కావలసిన 4.92 ఎలక్ట్రాన్ వోల్ట్లను జోడించి ఆక్సిజన్ విలువను రాబట్టండి. నా అభిప్రాయంలో ఏ ప్రమాణంతో పోల్చారో చెప్పని అధిశోషణ శక్తి ఎవరికీ పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అణువు ఫైలులో స్పిన్ నిజంగానే లేదు. చేర్చి మళ్లీ నడిపితే అయస్కాంత భ్రామకం (జతకాని ఎలక్ట్రాన్లకు సూచిక) 2 వచ్చింది, తేడా 0.06కు తగ్గింది. ఇక విడిపోని అణువునే తలంపై ఉంచి చూడాలనుకుంటున్నాను. అప్పుడు స్లాబ్‌కు కూడా స్పిన్ అవసరమా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
తప్పనిసరిగా చేర్చండి. గుంటలో స్థిరపడిన విడి పరమాణువుకు ప్లాటినంపై భ్రామకం మిగలదు గానీ, సూపరాక్సో స్థితిలోని (తలం నుంచి ఒక ఎలక్ట్రాన్ మేర తీసుకున్న) అణువుకు కొంత మిగిలే ఉంటుంది. స్థితిని గుర్తించడానికి ఆక్సిజన్‌ల మధ్య దూరాన్ని కూడా చూడండి: వాయువులో 1.21 ఆంగ్‌స్ట్రామ్‌లున్న బంధం సూపరాక్సోలో సాగుతుంది, భ్రామకం లేని పెరాక్సోలో (రెండు ఎలక్ట్రాన్ల మేర తీసుకున్న స్థితి) ఇంకా సాగి 1.4 దరిదాపులకు చేరుతుంది.