కేస్ రిపోర్ట్ రాయాలంటే ఎప్పుడు మొదలుపెట్టాలి?

పర్లాకిమిడి డ్యూటీ డాక్టర్:
మొన్న వానాకాలంలో తెల్లవారుజామున ఒక రైతు కడుపునొప్పితో వచ్చాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. గ్యాస్ట్రిక్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చాను. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరిచే కట్లపాము అని అప్పుడు తట్టింది. ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) మొదలుపెట్టి, శ్వాసకు గొట్టం వేసి, దారంతా ఊపిరి అందించే అంబు బ్యాగ్ చేత్తో నొక్కుతూ బరంపురం చేర్చాం. బతికాడు. ఇది కేస్ రిపోర్ట్‌గా, అంటే ఒక రోగి కథగా మెడికల్ జర్నల్‌కు రాయాలని చాలా ఉంది. కానీ నాలుగు నెలలైంది, నా దగ్గర ఓపీ చీటీ తప్ప ఏమీ లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బరంపురం పీజీ:
సార్, ముందు కేర్ (CARE) చెక్‌లిస్ట్ దగ్గర పెట్టుకోండి, కేస్ రిపోర్ట్‌లో ఏమేం ఉండాలో చెప్పే జాబితా అది. 2013లో వచ్చింది, 13 అంశాలు. మీకు ముఖ్యమైనది టైమ్‌లైన్. నొప్పి ఎన్నింటికి, రెప్ప వాలింది ఎన్నింటికి, ఏఎస్‌వీ ఎన్నింటికి... మీ కేసంతా ఆ గంటల్లోనే ఉంది. అంబులెన్స్ రిజిస్టర్, రిఫరల్ చీటీ, ఇక్కడి ఐసీయూ ఫైలు అడగండి. దొరకని టైమును గుర్తున్నంతలో వేసేయకండి, నమోదు కాలేదని రాయండి.

ఇంకో మాట. గాటు కనపడని కట్లపాము కాట్ల మీద ఇప్పటికే చాలా రిపోర్టులు వచ్చాయి. మొదట గ్యాస్ట్రిక్ అనుకున్నారు చూడండి, చదివే డాక్టరుకు పనికొచ్చేది అదే. దాన్ని దాచకండి.

గుణుపురం స్టాఫ్ నర్స్:
కన్సెంట్, అదే రోగి అనుమతి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర ఒకావిడకు ఒడియా ఫారం ఇచ్చి వేలిముద్ర వేయించారు. ఆమెకు సవర తప్ప ఏ భాషా రాదు. నాకు మనసొప్పక ఆశా దీదీని పిలిచి అంతా సవరలో చెప్పించాను. వెంటనే అడిగింది, ఫోటో మా ఊళ్ళోవాళ్ళు చూస్తారా అని. ఆ ఫోటో తీసేశాం. కళ్ళ మీద నల్లపట్టీ వేస్తే సరిపోదండీ. ఊరు, వయసు, తెగ మూడూ రాస్తే ఈ చిన్న ఊళ్ళలో మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది. వేలిముద్ర అయితే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి కూడా ఉండాలి. డిశ్చార్జ్‌కు ముందే చేసుకుంటే మంచిది, తర్వాత మనుషులు దొరకరు.

పర్లాకిమిడి డ్యూటీ డాక్టర్:
థాంక్స్ సిస్టర్. మావాడు తెలుగువాడే, ఆదివారం ఊరికి వెళ్తాను. ఈలోగా ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. డబ్బు కడితే మూడు రోజుల్లో అచ్చు వేస్తారట.

జైపూర్ (ఒడిశా) పిల్లల డాక్టర్:
కట్టకండి సార్. నేను అలాగే కట్టాను, ఇప్పుడు ఆ వెబ్‌సైటే లేదు. ఆ కేసు మళ్ళీ ఇంకోచోటికి పంపలేకపోయాను, ఆ బాధ ఇంకా ఉంది. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగల) మంచి జర్నల్స్ కూడా రచయితల దగ్గర ఫీజు తీసుకుంటాయి, అది తప్పు కాదు. కానీ మూడు రోజుల్లో రివ్యూ ఎవరు చేస్తారు? పబ్‌మెడ్‌లో (వైద్య వ్యాసాల ఆన్‌లైన్ సూచిక), డీఓఏజేలో (ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ జాబితా) ఆ జర్నల్ ఉందో లేదో చూడండి. రాతలో చేయి పెట్టనివాళ్ళ పేర్లు రచయితల్లో పెట్టకండి, పెద్దవాళ్ళు అడిగినా సరే.

పర్లాకిమిడి డ్యూటీ డాక్టర్:
వెళ్ళొచ్చాను. సంతకం పెట్టాడు, చెల్లెలి మామగారు సాక్షి. ఐసీయూ ఫైలుకు దరఖాస్తు ఇచ్చాను. చెక్‌లిస్టులో రోగి మాట అని ఒక అంశం ఉంది కదా, ఏమైనా చెప్తావా అని అడిగాను. "నేల మీద పడుకున్నావా అని ఆ రోజు నన్నెవరూ అడగలేదు బాబూ" అన్నాడు. ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాసుకున్నాను.