స్వయంవరమా, వరణమా?

జోడీని దక్కించుకోవడంలో కలిసొచ్చే లక్షణాలు తరతరాలకూ నిలవడాన్ని జీవశాస్త్రంలో ‘సెక్సువల్ సెలెక్షన్’ అంటారు. దాన్ని తెలుగులో స్వయంవరం అంటే సరిపోదా అని కొందరు అడిగారు. మాట అందమైనదే. అయినా సరిపోదంటాను.

‘ప్రకృతి వరణం’ (నేచురల్ సెలెక్షన్) మనకు అలవాటైన మాటే కాబట్టి, దాని జంటగా ‘లైంగిక వరణం’ హాయిగా ఇముడుతుంది. వరణమంటే కోరి ఎంచుకోవడం. వరుడు, స్వయంవరం ఆ ధాతువు నుంచి పుట్టినవే. 1871లో డార్విన్ దీన్ని వివరంగా రాసినప్పుడు రెండు పాయలుగా చూపించాడు: ఆడదాని కోసం మగవి పోటీపడటం ఒకటి, ఆడదే మగదాన్ని ఎంచుకోవడం మరొకటి. మత్స్యయంత్రం కొట్టి ద్రౌపదిని గెలవడం మొదటి రకం. ఒకే రూపంతో నిలబడ్డ ఐదుగురిలో చెమట, రెప్పపాటు చూసి నలుణ్ని గుర్తుపట్టిన దమయంతిది రెండోది. రెంటినీ స్వయంవరమనే అంటాం, చిక్కంతా అక్కడే! పైగా పైప్‌ఫిష్ లాంటి చేపల్లో గుడ్లు మోసేది మగది కాబట్టి ఎంచుకునేదీ చాలావరకు అదే. అందుకే మొత్తానికి లైంగిక వరణం, ఈ రెండో పాయకు ‘జోడీ ఎంపిక’ అందాం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ‘ఆడపక్షి మెరిసే మగపక్షిని ఇష్టపడుతుంది’ అని ఏకవచనంలో రాసేస్తాం. చదివేవాళ్లకు ఆడవన్నీ ఒకే అచ్చులో పోసినట్టు తోస్తుంది. ఆస్ట్రేలియాలోని శాటిన్ బవర్‌బర్డ్‌ను చూడండి. మగది పుల్లలతో పొదరిల్లు కట్టి, ముందు నీలి ఈకలు, నీలి సీసా మూతలు పరుస్తుంది. ఆడది వచ్చి లోపల నిలబడితే మగది ఈకలు ఉబ్బించి, గట్టిగా గరగరమంటూ అటూ ఇటూ దూకుతుంది. ఆ జోరుకు వయసులో చిన్నవైన ఆడవి ఉలిక్కిపడి బెదిరిపోతాయి. పరిశోధకులు కొన్ని పొదరిళ్ల దగ్గర అదనంగా నీలి వస్తువులు పెట్టి చూస్తే, వాటికి మొగ్గినవి ఈ చిన్నవే. వయసు మీరినవి మాత్రం నీలి సొగసు కన్నా ఆ ఆటనే చూసి ఎంచుకున్నాయి. లార్క్ బంటింగ్ అనే పిట్టల్లోనైతే ఆడవి మెచ్చే లక్షణం ఏటేటా మారిపోతుంది. ఒక ఏడు రంగు, ఇంకో ఏడు ఒంటి సైజు.

కాబట్టి ‘ఈ జాతిలో చిన్న వయసు ఆడపక్షులు’, ‘ఆ ఏడాది చాలా ఆడపిట్టలు’ అని రాయండి. వాక్యం కాస్త పొడవైనా ఫర్వాలేదు, నిజం చెబుతుంది.

ఆడవి ఎంచుకునే తీరులోని ఈ తేడాలను ‘ఎంపికలో వైవిధ్యత’ అనొచ్చా అన్నవారికి: ‘వైవిధ్యం’ చాలండీ, ఆ ‘త’ అక్కర్లేదు. మామూలు వ్యాసంలోనైతే ‘ఎంపికలో తేడాలు’ అన్నది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది.