అవార్డుల వేడుకలో స్పీకర్ల పక్కన సీటు: ఏ ఇయర్‌ప్లగ్స్ తీసుకోవాలి?

జానపద సంగీత అవార్డుల వేడుకకు అతిథిగా పిలిచారు. సీటు ముందు వరుసలో, కుడివైపు స్పీకర్ల పక్కనే. నిరుడూ అక్కడే కూర్చోబెట్టారు. డోళ్లు మొదలయ్యాక ఫోన్ యాప్ 97 డెసిబెల్స్ చూపించింది. ఆ మోతలో అరగంట మించి ఉండకూడదంటారు, వేడుకేమో మూడు గంటలు. తర్వాత కుడి చెవిలో గుయ్‌మని ఒకటే హోరు, మర్నాడు మధ్యాహ్నానికి గానీ తగ్గలేదు.

సీటు మార్చమంటే, కుర్చీలకు పేర్లు అతికించేశాం, ముందు వరుసలో ఖాళీ ఉంటే కెమెరాలో బాగుండదు అన్నారు. మధ్యలో లేచి వెనక్కి వెళ్తే పిలిచినవాళ్లు ఏమనుకుంటారో! దూది పెట్టి చూశాను, లాభం లేదు. ఫోమ్ ప్లగ్స్ పెట్టుకుని ఇంట్లో పాటలు విన్నాను. మోత తగ్గింది కానీ గొంతు దుప్పట్లోంచి వస్తున్నట్టుంది, ‘స’, ‘త’ లాంటి అక్షరాలు అసలు తెలియట్లేదు. జానపదానికి మాటే ప్రాణం, అదే వినపడకపోతే ఇంక వెళ్లడం దేనికి?

సంగీతకారులు వాడే ఫిల్టర్ ప్లగ్స్ సన్నని కీచు శబ్దాలనూ, బొంగురు శబ్దాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయట. వాటిలో 15, 25 డెసిబెల్స్ రకాలు కనిపిస్తున్నాయి.

మాటలు స్పష్టంగా వినపడుతూ మూడు గంటలూ చెవి క్షేమంగా ఉండాలంటే, వాడినవాళ్లు ఈ రెండింట్లో ఏది తీసుకోమంటారు?