గుడ్డు లేకుండా కొబ్బరి–పెకాన్ పూత చిక్కబడుతుందా?

1957లో డల్లాస్ పత్రికలో అచ్చయి పేరుకెక్కిన జర్మన్ చాక్లెట్ కేకు రుచిని కుకీల్లోకి తేవాలని చూస్తున్నాను. మా అత్తగారు గుడ్డు ముట్టరు. కుకీలతో ఇబ్బంది లేదు, గుడ్డు బదులు పెరుగుతో మెత్తగానే వచ్చాయి. చిక్కంతా పైపూతతోనే. అసలు పద్ధతిలో ఎవాపరేటెడ్ పాలు (నీరు ఇగిర్చి డబ్బాల్లో అమ్మే తీపి లేని పాలు), పంచదార, వెన్న, పచ్చసొన సన్నసెగ మీద గరిటెకు అంటుకునేదాకా కలియబెట్టి, కొబ్బరి కోరు, పెకాన్ (అక్రోటు లాంటి గింజ) పలుకులు వేస్తారు. పచ్చసొన మానేస్తే పూత కుకీ అంచుల నుంచి జారి పళ్ళెంలో మడుగు కడుతోంది.

కప్పు పాలకు కార్న్‌ఫ్లోర్ ఎంత వేయాలి? పచ్చి పిండి వాసన పోవాలంటే ఎంతసేపు ఉడకాలి? లేక పాలను కోవాకు దగ్గరగా ఇగరబెట్టడమే మేలా? కొబ్బరి లౌజు పాకం మాత్రం వద్దండీ, చల్లారాక పెళ్లలుగా ఊడుతుంది. చేసి చూసినవారు కొలతలతో చెప్పగలరా?