కార్బానిక్ అన్‌హైడ్రేజ్-2 లేని చిట్టెలుకల్లో ఎముక లోపం ఎందుకు స్పష్టంగా కనిపించదు?

ప్రశ్న:
మనుషుల్లో కార్బానిక్ అన్‌హైడ్రేజ్-2 అనే ఎంజైమ్ లోపిస్తే ఎముకలు అసాధారణంగా దట్టమై పెళుసుబారడం, మూత్రపిండ నాళికల లోపం వల్ల రక్తంలో ఆమ్లత పెరగడం, మెదడులో కాల్షియం పేరుకోవడం కలిసి వస్తాయి. 1988లో రసాయనంతో జన్యువులో మార్పు (ఉత్పరివర్తనం) కలిగించి పొందిన, ఈ ఎంజైమ్ లేని చిట్టెలుకల్లో మాత్రం ఆమ్లత, ఎదుగుదల లోపమే ప్రస్ఫుటంగా కనిపించాయి. అలాంటప్పుడు ఎముకలో దీని పాత్రను అధ్యయనం చేయడానికి చిట్టెలుక తగిన నమూనాయేనా?

మొదటి జవాబు:
తగినదేనని నా అభిప్రాయం. ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణంలో ఈ ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్, నీటి నుంచి బైకార్బొనేట్‌ను, ప్రోటాన్‌ను (ఆమ్లతనిచ్చే హైడ్రోజన్ అయాన్‌ను) పుట్టిస్తుంది. ప్రోటాన్‌ను కణపొరలోని పంపు ఎముక వైపు నెడుతుండగా, బైకార్బొనేట్ క్లోరైడ్‌కు బదులుగా రెండో వైపు నుంచి బయటకు పోతుంది. ఈ ఏర్పాటు చిట్టెలుకలోనూ ఉంది. నిశితంగా కొలిచినప్పుడు ఆ చిట్టెలుకల్లో కూడా స్పంజిక ఎముక పరిమాణం పెరిగినట్లు తేలింది, కాకపోతే అది మనుషుల్లో కంటే చాలా తేలికైన రూపం. మూత్రపిండంలో అలా కాదు: దాని లోపలి భాగంలోని సేకరణ నాళికల్లో ఆమ్లాన్ని విసర్జించే ఇంటర్‌కలేటెడ్ కణాలే బాగా తగ్గిపోతాయి కనుక, అక్కడి లోపం దాగే అవకాశం లేదు.

రెండో జవాబు:
పై వివరణతో ఏకీభవిస్తూ, ఇదే కుటుంబంలోని ఇతర ఎంజైమ్‌లను కూడా చూడమని కోరుతున్నాను. అస్థి కండరాల్లో సమృద్ధిగా ఉండే మూడో రూపాన్ని (కార్బానిక్ అన్‌హైడ్రేజ్-3ని) తొలగించినా చిట్టెలుకలు దాదాపు మామూలుగానే పెరుగుతాయి. తొమ్మిదోది లేకపోతే జీర్ణాశయపు లోపలి పొర మితిమీరి పెరుగుతుంది. మైటోకాండ్రియాలోని 5ఎ రూపం లోపిస్తే రక్తంలో అమ్మోనియా పేరుకుంటుంది. యూరియా తయారీలో తొలి మెట్టుకు అవసరమైన బైకార్బొనేట్‌ను అందించేది అదే. నాలుగోది పుల్లటి రుచిని గుర్తించే నాలుక కణాల మీద ఉండి, కార్బన్ డయాక్సైడ్ రుచిని పసిగట్టేలా చేస్తుందని 2009లో చిట్టెలుకల్లోనే రుజువైంది. ఎంతో సాధారణమైన ఒకే రసాయన చర్యను ఒక్కో కణజాలం ఇంత భిన్నంగా వాడుకోవడం నిజంగా అబ్బురపరుస్తుంది.

మూడో జవాబు:
ఎనిమిదో రూపాన్ని మరవకూడదు. చర్యకు అవసరమైన జింకును పట్టి ఉంచే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాల్లో ఒకటి లేనందున దానికి ఉత్ప్రేరక శక్తి లేదు. అయినా ఆ జన్యువు దెబ్బతిన్న చిట్టెలుకలు అదుపు లేని నడకతో ఊగుతూ తిరుగుతాయి. చిన్నమెదడులోని పర్కింజే అనే నాడీకణాల్లో అది, కణం లోపలి నిల్వల నుంచి కాల్షియంను వదిలే ఐపీ3 గ్రాహకానికి అతుక్కుని కాల్షియం విడుదలను నియంత్రిస్తుంది. ఎసిటజోలమైడ్ వంటి మందు ఉత్ప్రేరక శక్తి ఉన్న అనేక రూపాలను ఒకేసారి అడ్డుకుంటుంది గనుక, ఇలాంటి పాత్ర దానితో చేసే ప్రయోగాల్లో బయటపడదు. జన్యువును తొలగించి చూస్తేనే తెలుస్తుంది.