అప్‌డేట్: తలకోనకు వెళ్లి వచ్చాను

తక్కువ ఖర్చుతో చలికాలంలో కొండల్లో వన్యప్రాణుల ఫొటోలు తీయాలంటే తిరుపతి నుంచి ఎక్కడికి వెళ్లాలి, అందుకోసం కొత్త లెన్సు కొనాలా అని నవంబరులో అడిగాను. హిమాలయాల కోసం డబ్బు కూడబెట్టే ముందు మన శేషాచలం అడవినే చూడమనీ, లెన్సు అద్దెకు తెచ్చుకోమనీ మీరు చెప్పారు. అలాగే చేసి, ఆ అడవిలోని తలకోనకు వెళ్లాను. రెండు రోజులకు లెన్సు అద్దె, పెట్రోలు, బస, భోజనం అన్నీ కలిపి నాకు 4,200 రూపాయలైంది.

మొదటి ఉదయం తీసినవన్నీ చెడిపోయాయి. దట్టమైన చెట్ల కింద వెలుతురు చాలదని షటర్ వేగాన్ని (కెమెరా తెర తెరుచుకుని ఉండే సమయాన్ని) సెకనులో 125వ వంతుకు తగ్గించడంతో, కొమ్మ మీద బోర్లా పడుకుని కాయను రెండు చేతులా తిప్పుకుంటూ కొరుకుతున్న బెట్టుడుత (చెట్ల మీదే ఉండే పెద్ద ఉడుత) ప్రతి ఫ్రేములోనూ అలికినట్టు వచ్చింది. మర్నాడు ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200కు పెంచి, వేగాన్ని 500వ వంతుకు తెచ్చి, బియ్యం నింపిన గుడ్డసంచిని బండరాయిపై పెట్టి దానిమీద లెన్సును ఆనించాను. ఈసారి మీసాలు కూడా విడివిడిగా కనిపించాయి. ట్రైపాడ్ మోయనవసరం లేదన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

దేవాంగపిల్లి కోసం ప్రయత్నించలేదు. అది పిల్లి కాదు, కోతులకు దూరపు చుట్టమైన, రాత్రిపూట తిరిగే చిన్న జీవి. దాని పెద్ద కళ్లలోకి టార్చి కొట్టి ఫొటో తీయడం నాకు సమ్మతం కాదు.

పసుపు గొంతు పిగిలిపిట్ట మాత్రం దొరకలేదు. దక్షిణ భారతపు రాతి కొండల్లో తప్ప మరెక్కడా ఉండని ఆ పక్షి కోసం జనవరిలో హార్స్‌లీ హిల్స్‌కు వెళ్తున్నాను. లెన్సును ఇప్పటికే మాట్లాడి పెట్టుకున్నాను.