సాంబ మసూరిని జన్యు సవరణ చేస్తే దాన్ని జీఎం (జన్యు మార్పిడి పంట) అనాలా, అనకూడదా?

కొమ్మమూరు కాలువ:
2025 మే 4న కేంద్రం ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల, మన బాపట్ల సాంబ మసూరి (బీపీటీ) నుంచే పుట్టింది. దాన్ని రూపొందించింది హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ. దిగుబడి 19 శాతం పెరుగుతుందని, 15 నుంచి 20 రోజుల ముందే కోతకు వస్తుందని చెప్పారు. మాది కాలువ చివరి పొలం. బీపీటీ పాలు పోసుకునే సమయానికి మాకు నీళ్లు ఆగిపోతాయి కాబట్టి దిగుబడి కంటే ఆ 20 రోజులే నాకు ముఖ్యం. ఇది జీఎం పంటా, కాదా? గింజల సంఖ్య పెరిగితే తాలు, అంటే నిండని గింజలు, కూడా పెరుగుతాయా? తెలిసినవారు చెప్పగలరు.

కణకేంద్రకం:
జీఎం కాదండి. బీటీ పత్తిలో మట్టి బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు ఉంది, కమలలో అలాంటిదేమీ లేదు. కంకిలో ఎన్ని గింజలు పడాలో తేల్చడంలో సైటోకైనిన్ అనే హార్మోనుకు పాత్ర ఉంది. ఆ హార్మోనును విరిచేసే ఎంజైము ఒక వరి జన్యువు నుంచి తయారవుతుంది. ఆ జన్యువును క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో ఒకచోట తెంపితే కణం తెగిన కొసలను తనంతట తానే అతుక్కుంటుంది, ఆ అతుకులో సాధారణంగా కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు జారిపోవడమో చేరడమో జరుగుతుంది. దాంతో ఎంజైము పని తగ్గి, హార్మోను నిలిచి, గింజలు ఎక్కువగా పడతాయి. ఇదే జన్యువు సహజంగానే మందకొడిగా వ్యక్తమయ్యే హబటకి అనే వరి రకాన్ని జపాన్ పరిశోధకులు 2005లోనే వివరించారు.

పాతవిత్తు:
బయటి జన్యువు లేదన్న మాట సగమే నిజం. క్రిస్పర్‌లో తెంపే కాస్ ప్రోటీను బ్యాక్టీరియాది కాదా? దాని జన్యువును ముందు వరిలో చొప్పిస్తారా, లేదా? ఒక్క తరమైనా అది మొక్కలో ఉన్నట్టా, లేనట్టా? ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2018 జులైలో ఇలాంటి పంటలన్నీ జీఎం చట్టం కిందికే వస్తాయని తీర్పు చెప్పింది. అక్కడి న్యాయమూర్తులకు మీ జన్యుశాస్త్రం తెలియదనుకోవాలా?

కణకేంద్రకం:
సాధారణంగా అనుసరించే పద్ధతిలో మొదటి తరంలో ఉంటుంది, కాదనను. అది సవరణ జరిగిన చోటుకు దూరంగా, వేరే క్రోమోజోములో కూర్చుంటే తర్వాతి తరంలో సుమారు నాలుగింట ఒక మొక్కలో ఉండదు. ఆ మొక్కనే ఏరుకుంటారు. మన దేశంలో 2022 మార్చి 30న జీఎం నిబంధనల నుంచి ఇచ్చిన మినహాయింపు కూడా బయటి డీఎన్‌ఏ మిగలని మొక్కలకే వర్తిస్తుంది. ఇక 2008లో వచ్చిన మెరుగైన సాంబ మసూరి సంగతి చూడండి. ఎండాకు తెగులును తట్టుకోవడానికి అందులో చేర్చిన మూడు జన్యువుల్లో ఎక్స్‌ఏ21 మూలం ఆఫ్రికా అడవి వరి. రెండోదైన ఎక్స్‌ఏ13 కథ ఇంకా చక్కగా ఉంటుంది. తెగులు బ్యాక్టీరియా తన ప్రోటీను ఒకదాన్ని వరి కణంలోకి పంపి, చక్కెరను బయటికి తోడే జన్యువు ముందున్న మీటను నొక్కి ఆ చక్కెర తాగుతుంది. ఎక్స్‌ఏ13 ఉన్న మొక్కలో ఆ మీట దగ్గర అక్షరాలు మారిపోవడంతో బ్యాక్టీరియా వేలు అక్కడ ఆనదు. అడవి జన్యువు సంకరంతో వస్తే ఎవరూ నోరెత్తలేదు, సొంత జన్యువులో నాలుగు అక్షరాలు జారితే రాద్ధాంతం చేస్తున్నారు.

రాత్రిబండి:
ఉందని ఆయన ఒప్పుకున్నారు కదా పాతవిత్తు గారూ, ముందుకు కదలండి.

పాతవిత్తు:
ఒప్పుకున్నారు, వెంటనే నాలుగింట ఒకటి అంటూ దాటేశారు. నా అనుభవం చెబుతాను. మూడేళ్ల క్రితం బీపీటీ అని అచ్చు వేసిన సంచులు కొని నారు పోశాను. కంకి తీసే వేళకు మడిలో మూడో వంతు కేళీలే, అంటే వేరే రకం మొక్కలే, మోకాలెత్తు కొన్ని, నడుమెత్తు కొన్ని. ఫిర్యాదు చేస్తే సంచి, చీటీ, బిల్లు మూడూ తెమ్మన్నారు. చీటీని అప్పటికే ఎలుకలు కొట్టేశాయి. ఆ దుకాణం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

కణకేంద్రకం:
దుకాణదారుడు చేసిన మోసాన్ని క్రిస్పర్ నెత్తిన రుద్దుతున్నారు. దానికీ జన్యుశాస్త్రానికీ ఏం సంబంధమండి? చదవకుండా వాదించే అలవాటు ముందు మానుకోండి.

పాతవిత్తు:
నేను ఎంత చదివానో మీరు అడగనక్కరలేదు. సంబంధం ఏమిటో వినండి. కేళీని నేను కంటితో పట్టుకున్నాను. మీ మొక్కలో బయటి గుర్తు ఏదీ మిగలదని మీరే గొప్పగా చెబుతున్నారు. రేపు అది నా బీపీటీలో కలిస్తే, లేదా బీపీటీ సంచిలోనే పోసి అమ్మితే, నేను దేనితో పట్టుకోవాలి? జీఎం అని పిలిస్తే కనీసం సంచి మీద రాయమని అడగవచ్చు. నాకు ఆ పేరు కావలసింది అందుకే, మీ కాస్ ప్రోటీను కోసం కాదు.

కణకేంద్రకం:
ఇది మొదటే అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఏ జన్యువులో ఏ అక్షరాలు మారాయో బహిరంగంగా ప్రకటిస్తే పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో గుర్తించవచ్చు. ప్రకటించకపోతే చాలా కష్టం. గుర్తించినా, ఆ మార్పు సహజంగా వచ్చిందా, ప్రయోగశాలలో వచ్చిందా అన్నది మాత్రం పరీక్ష చెప్పదు. సవరణ వివరాలు సంచి మీద ఉండాలనే నేనూ అంటాను. జీఎం అన్న ముద్ర మాత్రం వద్దు, ఆ మాట చూడగానే మిల్లరు బస్తాకు ఇంత అని కోసేస్తాడు.

పాతవిత్తు:
మిల్లరు కోస్తాడన్న భయంతో కొనేవాడికి చెప్పకూడదంటే నేను ఒప్పుకోను.

గోధూళి:
క్రిస్పర్ మీద విదేశాల్లో పేటెంట్లు ఉన్నాయి. విత్తనం దాచుకుంటే రేపు ఎవరైనా అడుగుతారా?

కొమ్మమూరు కాలువ:
నేను తాలు గురించి కూడా అడిగాను, ఎవరూ పట్టించుకోలేదు.

కణకేంద్రకం:
క్షమించండి. ఆ జన్యువు గింజల సంఖ్యను పెంచుతుందే తప్ప గింజ నిండుతుందని హామీ ఇవ్వదు. నిండడానికి పై ఆకుల్లో తయారయ్యే పిండిపదార్థం, నీరు, ఎండ కావాలి. కంకి అడుగు కొమ్మల్లోని గింజలు ఆలస్యంగా పూస్తాయి, పాలు అందక తాలుగా మిగిలేవి ఎక్కువగా అవే. మీ చివరి పొలంలో నీళ్లు ముందే ఆగితే తేడా కనబడేది అక్కడే. విత్తనం అందుబాటులోకి వచ్చాక పక్కపక్కనే రెండు మడులు వేసి, ఒక్కోదాంట్లో ఇరవై కంకుల అడుగు కొమ్మలు విడిగా దూసి లెక్కపెట్టండి.

పాతవిత్తు:
ఆ రెండు మడుల విత్తనం ఏ సంచిలోది అన్నది కూడా రాసి పెట్టుకోండి. చీటీ ఎలుకలకు అందని చోట దాచండి.